మీకు తెలుసా? తొలి కాన్పు మెదడునూ మారుస్తుంది

మొదటిసారి తల్లి అయిన స్త్రీ మెదడులో కొన్నిచోట్ల బూడిదరంగు పదార్థం తగ్గుతుంది. ఆ తేడా కనీసం రెండేళ్లు నిలుస్తుంది. బార్సిలోనా పరిశోధకులు 25 మందికి గర్భం రాకముందు, తొలి కాన్పు తర్వాత ఎంఆర్‌ఐ తీసి 2016లో ఈ సంగతి బయటపెట్టారు. మార్పు ఎంత స్పష్టమంటే, పోలిక కోసం బిడ్డను కనని స్త్రీల స్కాన్‌లనూ కలిపినా, వాటిని బట్టి ఎవరు బిడ్డను కన్నారో, ఎవరు కనలేదో కంప్యూటర్ ఒక్కటీ తప్పకుండా చెప్పేసింది. ఆ అధ్యయనంలో తండ్రుల మెదళ్లు మాత్రం అలా మారలేదు.

తగ్గిందనగానే కంగారు వద్దు. జ్ఞాపకశక్తి పరీక్షల్లో ఆ తల్లులు వెనకబడలేదు (బాలింతల మతిమరుపంటూ నవ్వే చుట్టాలకు ఈ ముక్క చెప్పొచ్చు). మార్పు ఎక్కువగా ఎదుటివారి మనసు గ్రహించే భాగాల్లోనే. వాటిలో కొన్ని, సొంత బిడ్డ ఫొటో చూసినప్పుడు మరింత చురుగ్గా స్పందించాయి.