పాములు రావడానికి తుపానే కారణమా?

అపోహ: ఫ్లోరిడాలో బర్మా కొండచిలువలు పెరిగింది 1992 నాటి ఆండ్రూ తుపాను వల్లే.

ఆ తుపానుకు పాముల పెంపకం కేంద్రం ఒకటి కూలిన మాట నిజమే. కానీ ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి అడవుల్లో మొదటి బర్మా కొండచిలువ కనబడింది 1979లో. మూరెడు పిల్లగా ముచ్చటపడి కొన్న పాము కొన్నేళ్లకే పదడుగులు దాటుతుంది. గూడు చాలదు, మేపలేరు. అలా గుట్టుగా వదిలేసినవీ, తప్పించుకుపోయినవీ అక్కడ స్థిరపడ్డాయి. నెపం తుపాను మీదికి నెడితే అమ్మినవాళ్లకూ కొన్నవాళ్లకూ హాయి!

అపోహ: మొసళ్లుండే అడవికి పాములొక లెక్కా?

2012లో వెలువడిన అధ్యయనం పాత లెక్కలతో పోల్చి చూస్తే, రాత్రిళ్లు రోడ్ల వెంట కనబడే రకూన్లు 99.3 శాతం, ఒపోసమ్‌లు 98.9 శాతం, బాబ్‌క్యాట్లు 87.5 శాతం తగ్గాయి. చిత్తడి కుందేళ్లయితే ఒక్కటీ కనబడలేదు. ఇంత పెద్ద పాముతో ఆ జంతువులకు అంతకుముందు పరిచయమే లేదు మరి.

అపోహ: పట్టేస్తే సరిపోతుంది.

పట్టాలంటే ముందు కనబడాలి. గడ్డిలో, నీటిలో ఇట్టే కలిసిపోయే ఈ పాము పక్కనే ఉన్నా కంటబడదు. 2017లో తమిళనాడు నుంచి ఇరుల తెగకు చెందిన ఇద్దరు పాములవాళ్లను ఫ్లోరిడాకు పిలిపించారు. జాడ పట్టడంలో వాళ్లకు సాటి లేదు. బాగానే పట్టారు కూడా. అయినా సంతతి ఆగలేదు. 2022లో శాస్త్రవేత్తలు ప్రకటించిన 98 కిలోల ఆడపాము కడుపులో 122 గుడ్లున్నాయి!

అపోహ: చిన్న పాములతో బెంగ లేదు.

స్పెయిన్‌కు చెందిన గ్రాన్ కనేరియా దీవిలో పెంపుడు పాముగా వచ్చిన కాలిఫోర్నియా కింగ్‌స్నేక్ మనిషికి హాని చేయదు. అయితే అది పాగా వేసినచోట అక్కడి పెద్ద బల్లులు 90 శాతానికి పైగా తగ్గిపోయాయి.

అపోహ: విదేశీ పాములకు మన దేశంలో చట్టమే వర్తించదు.

వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ, 2024 నిబంధనల ప్రకారం, అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందమైన సైటిస్ జాబితాలోని బాల్ పైథాన్ లాంటి జీవులను పెంచేవారు నమోదు చేసుకోవాల్సిందే. కార్న్ స్నేక్ అనే మరో విదేశీ పాము మాత్రం ఆ జాబితాలో లేదు, కాబట్టి ఆ నియమం దానికి వర్తించదు. అమెరికా బర్మా కొండచిలువ దిగుమతిని ఆపింది 2012లో, అడవి నిండిపోయాక. మన అడవులకు ముప్పు తెచ్చే విదేశీ జాతుల దిగుమతిని, వ్యాపారాన్ని, పెంపకాన్ని నిషేధించే అధికారం 2022 సవరణే కేంద్రానికిచ్చింది. దాన్ని ఇప్పుడే వాడాలి.