నంబరు మోసే చెట్లు

నాయుడుపేట చుట్టుపక్కల జామాయిల్ వేసే రైతు నర్సరీలో క్లోన్ నంబరు అడిగి మొక్కలు కొంటాడు. ఆ నంబరు ఒకప్పుడు ఎక్కడో నిలబడి ఉన్న ఒకే ఒక్క చెట్టుది.

ఇదివరకు గింజలు చల్లి నారు పెంచేవారు. జామాయిల్ పువ్వులో పుప్పొడి ముందు రాలిపోతుంది, కీలాగ్రం ఆ తర్వాతే సిద్ధమవుతుంది. అందుకని గింజ ఎక్కువగా పక్క చెట్టు పుప్పొడితోనే కడుతుంది. ఒకే తల్లి పిల్లలైనా తండ్రులు వేరు. ఒకే మడిలో ఒకటి నిటారుగా లేస్తే ఇంకొకటి వంకర తిరుగుతుంది. అలాంటి తోటలు హెక్టారుకు ఏడాదికి 6 నుంచి 10 ఘనపు మీటర్ల కలప ఇచ్చేవి.

భద్రాచలం దగ్గర సారపాకలోని కాగితపు మిల్లు (ఇప్పుడది ఐటీసీది) 1989లో క్లోన్ల పని చేపట్టింది. బ్రెజిల్‌లో అరాక్రూజ్ కంపెనీ అప్పటికే ఈ దారిలో నడిచింది. ఆ కంపెనీ శాస్త్రజ్ఞులకు 1984లో మార్కస్ వాలెన్‌బర్గ్ బహుమతి వచ్చింది. పద్ధతి వింతగా ఉంటుంది: అన్నిటికన్నా మంచి చెట్టును ఏరి, ముందు దాన్నే నరికేస్తారు! ముదురు కొమ్మకు వేళ్లు పుట్టవు, మోడు మీద వచ్చే లేత పిలకకు పుడతాయి. పిలక ముక్కను వేళ్లు పుట్టించే ఐబీఏ హార్మోనులో అద్ది, వర్మిక్యులైట్ నింపిన గొట్టంలో గుచ్చి, సన్నటి తుంపర పడే గదిలో ఉంచుతారు. అలా వచ్చిన తోటల్లో దిగుబడి 20 ఘనపు మీటర్లు దాటింది.

చెట్లన్నీ ఒకటే అయినప్పుడు వాటి బలహీనతా ఒకటే. లేత ఆకు ఈనెలో, కాడలో గుడ్లు పెట్టి బుడిపెలు తెప్పించే ఆస్ట్రేలియా కందిరీగ 2001లో మన దేశంలో కనిపించింది. పొడవు మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. మగతో పనిలేకుండా ఆడదే ఆడపిల్లల్ని కంటుంది, అంటే అదీ దాదాపు క్లోనే! లొంగిన నంబర్ల తోటలు బాగా దెబ్బతిన్నాయి, తట్టుకున్న నంబర్లు నిలిచాయి. అందుకే పదెకరాలకూ ఒకే నంబరు వేయమనే సలహా నాకు నచ్చదు. రెండు మూడు నంబర్లు మడులుగా విడదీసి వేస్తే నరకడానికీ ఇబ్బంది ఉండదు.

పైగా పిలక ముక్క ఉన్న చెట్టునే మళ్లీ ఇస్తుంది, కొత్త చెట్టును ఇవ్వదు. కొత్తది కావాలంటే తిరిగి గింజ దగ్గరికే పోవాలి. కోయంబత్తూరులోని అటవీ జన్యు సంస్థలాంటి చోట్ల మొగ్గ టోపీ ఊడకముందే తీసి, కేసరాలు కత్తిరించి సంచి తొడుగుతారు, కీలాగ్రం సిద్ధమయ్యాక ఎంచుకున్న చెట్టు పుప్పొడి అద్దుతారు. ఆ గింజల నుంచి మళ్లీ ఎగుడుదిగుడు మొక్కలే వస్తాయి. వాటిలోంచి ఏరినదాన్ని నేలనేలకూ వేసి చూడాలి. గోదావరి ఒడ్డున మెప్పించిన చెట్టు స్వర్ణముఖి ఇసుక నేలలో వెనకబడొచ్చు. అది తేలాకే దానికో నంబరు.