ఇంగ్లీషు ఊనికలో గురులఘువులు

పొడవాటి ఇంగ్లీషు పదాలను పలికేటప్పుడు తెలుగువారు ప్రతి అచ్చుకూ దాని విలువ దానికిచ్చి, అన్ని అక్షరాలనూ ఇంచుమించు సమానమైన బలంతో పలుకుతారు. తెలుగులో అది దోషం కాదు. అక్కడ అర్థాన్ని మార్చేది హ్రస్వదీర్ఘ భేదమే కాని ఊనిక కాదు. ఇంగ్లీషులో ఒక అక్షరం మీద బలం పడగానే పక్కనున్న అచ్చులు చాలాసార్లు నలిగి, అకారానికి దగ్గరైన ఒక అస్పష్ట ధ్వనిగా మిగులుతాయి. 'డెవలప్‌మెంట్' అని మొదటి అక్షరాన్ని నొక్కి పలికితే, అమెరికాలోనో బ్రిటన్‌లోనో పెరిగిన శ్రోత ఒక క్షణం తడబడతాడు. అతని చెవికి అలవాటైన పదంలో బలం 'వె' మీద ఉంటుంది.

ఆ బలం ఎక్కడ పడుతుందో ఊహించడానికి ఛందస్సు తెలిసినవారికి ఒక దారి ఉంది. లాటిన్, గ్రీకు మూలాల నామవాచకాలలో చాలావాటికి చివరి అక్షరాన్ని పక్కన పెట్టాలి. దాని ముందున్నది గురువైతే ఊనిక దానిమీదే. లఘువైతే ఇంకొక అడుగు వెనక్కి. 'అజెండా'లో 'జెం' గురువు, ఊనిక అక్కడే. 'అరోమా'లో 'రో' దీర్ఘం కనుక అదీ గురువే. 'అమెరికా'లో 'రి' లఘువు కావడంతో ఊనిక 'మె' మీదికి జరిగింది. 'సినిమా'లో అదే కారణంగా 'సి' మీదికి. 1968లో చామ్‌స్కీ, హాలె ప్రచురించిన 'ది సౌండ్ పాటర్న్ ఆఫ్ ఇంగ్లిష్' ఈ భేదాన్నే బలహీన గుచ్ఛం, బలమైన గుచ్ఛం అన్న పేర్లతో చెప్పింది. మన లాక్షణికులకు ఇది కొత్త విషయమేమీ కాదు.

పదాన్ని విడదీసేటప్పుడు మాత్రం లిపిని కాక నోటిని నమ్మాలి. తెలుగు లిపి 'కర్మ'ను క, ర్మ అని చూపుతుంది. నోరు కర్, మ అంటుంది. సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు కావడానికి కారణం ఇదే. ఇంగ్లీషు నిఘంటువులు చుక్కలతో చూపే విభజన కూడా ప్రధానంగా పంక్తి చివర పదాన్ని విరవడానికి ఉద్దేశించినది. అది ఉచ్చారణతో అన్నివేళలా కలవదు.

ప్రత్యయాల సంగతి వేరు. 'ఫోటోగ్రాఫ్'లో బలం 'ఫో' మీద, 'ఫోటోగ్రఫీ'లో రెండవ అక్షరం మీద, 'ఫోటోగ్రాఫిక్'లో 'గ్రా' మీద. 'ఇక్', 'ఇటీ' ప్రత్యయాలు ఊనికను తమ ముందున్న అక్షరానికి లాక్కుంటాయి. అందుకే 'రెస్పాన్సిబిలిటీ'లో ప్రధానమైన ఊనిక 'బి' మీద పడుతుంది. 'అరబిక్', 'పాలిటిక్స్' వంటి అపవాదాలున్నాయి. 'నెస్', 'ఫుల్', 'మెంట్' దేనినీ కదిలించవు. 'డెవలప్'లో 'వె' మీదున్న బలం 'మెంట్' చేరినా అక్కడే ఉండటానికి కారణం అది.

రెండు అక్షరాల పదాలలో ఊనిక వ్యాకరణాన్నీ చూపుతుంది. 'రికార్డు'కు సమానమైన ఇంగ్లీషు పదంలో బలం మొదటి అక్షరం మీదుంటే నామవాచకం, రెండవదాని మీదుంటే క్రియ. తెలుగులో నామవాచకంగా స్థిరపడిన రూపం ఆ క్రియ ఉచ్చారణకే దగ్గరగా ఉంది.