ప్రసవ సమయంలో సెలైన్

ప్రసవ సమయంలో గర్భిణికి సిర ద్వారా నేరుగా రక్తంలోకి ఎక్కించే ద్రవాలన్నిటినీ వాడుకలో సెలైన్ అంటారు. నిజానికి సెలైన్ అంటే ఉప్పునీరు మాత్రమే. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని నౌపడ ఉప్పు మడులకు ప్రసిద్ధి. అక్కడ పండే ఉప్పు కూడా ప్రధానంగా సోడియం క్లోరైడే. కాని సముద్రపు ఉప్పులో మెగ్నీషియం వంటి ఇతర లవణాలు కలసి ఉంటాయి కనుక సిరలోకి ఎక్కించుటకు బాగా శుద్ధి చేసిన ఉప్పునే వాడతారు.

రకాలు

సాధారణ సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. దీనిని ఎక్కువగా ఎక్కిస్తే క్లోరైడు పెరిగి రక్తంలో ఆమ్లత్వం హెచ్చుతుంది. రింగర్ లాక్టేట్ (ఆర్.ఎల్.) లో సోడియంతో పాటు పొటాషియం, కాల్షియం, లాక్టేటు ఉండుటవలన అది రక్తరసానికి దగ్గరగా ఉంటుంది. 1880లలో సిడ్నీ రింగర్ రూపొందించిన ద్రావణానికి 1930లలో అలెక్సిస్ హార్ట్‌మన్ లాక్టేటు చేర్చాడు.

గ్లూకోజు సీసా

"నీరసంగా ఉంది, గ్లూకోజు పెట్టండి" అని బంధువులు అడగటం మామూలే. అయితే 5 శాతం డెక్స్‌ట్రోజులోని చక్కెరను శరీరం వాడుకున్నాక మిగిలేది ఉత్త నీరు. నొప్పులు రావటానికి ఇచ్చే ఆక్సిటోసిన్‌కు మూత్రాన్ని తగ్గించే గుణం కూడా ఉంది. ఈ రెండూ కలిస్తే రక్తంలో సోడియం పడిపోయి తల్లికి మూర్ఛ రావచ్చు. ఎక్కువైన చక్కెర మాయ ద్వారా శిశువుకు చేరగా, శిశువు శరీరం ఇన్సులిన్‌ను అధికంగా తయారుచేస్తుంది. బొడ్డు కోసిన తరువాత చక్కెర సరఫరా ఆగిపోతుంది, ఇన్సులిన్ మాత్రం మిగిలి ఉంటుంది. అందువలన శిశువు రక్తంలో చక్కెర తగ్గిపోతుంది. కనుక ఆక్సిటోసిన్‌ను సాధారణ సెలైన్‌లో గాని, ఆర్.ఎల్. లో గాని కలుపుట మేలు.

అందరికీ అవసరమా?

కాన్పు త్వరగా కావడానికి అందరికీ సెలైన్ ఎక్కించడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలు సిఫారసు చేయలేదు. ప్రమాద సూచనలు లేని గర్భిణి నొప్పుల సమయంలో మంచినీళ్ళు, మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్ళు తాగవచ్చు.

రక్తస్రావం అధికమైనపుడు మాత్రం సిర ద్వారా ద్రవం తప్పనిసరి. అపుడు సాధారణ సెలైన్ లేదా ఆర్.ఎల్. వేగంగా ఎక్కిస్తారు. గ్లూకోజు ద్రవం రక్తనాళాలలో నిలవదు కనుక ఇందుకు పనికిరాదు. ఏ ద్రవమూ రక్తానికి బదులు కాదు, రక్తం దొరికే ఆసుపత్రికి చేరేవరకు అది ఆసరా మాత్రమే.

గుర్రపువాతం సూచనలతో రక్తపోటు పెరిగిన గర్భిణులకు ద్రవం ఎక్కువైతే ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది. వీరికి అన్ని ద్రవాలూ కలిపి గంటకు సుమారు 80 మిల్లీలీటర్లు మించకుండా చూస్తారు. నౌపడకు ఉత్తరాన గల ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి ఎక్కువ. ఆ వ్యాధి ఉన్న గర్భిణికి ఎక్కించే ద్రవాన్నీ, వచ్చే మూత్రాన్నీ గంటగంటకూ కొలిచి నమోదు చేయాలి.