నిలిపిన ట్యాంకరులో నిలిచిన నీరు
వేసవి ముగిశాక నీటి ట్యాంకరును భద్రపరిచే పద్ధతి

బళ్ళారి జిల్లా సండూరు తాలూకాలోని కూరెకుప్పలోను, దాని చుట్టుపక్కల గ్రామాలలోను వేసవి ముదిరిన కొద్దీ ట్రాక్టరు వెనుక కదిలే నీటి ట్యాంకరుకు గిరాకీ పెరుగుతుంది. పెళ్ళి పందిళ్ళకు, ఇంటి నిర్మాణాలకు, బోరు ఎండిన వీధులకు, మేత మేసే పశువులకు అదే ఆధారం. వర్షాలు కుదురుకుని బోర్లలో నీరు ఊరగానే ఆ ట్యాంకరుతో పని తీరిపోతుంది. ట్రాక్టరు దుక్కికి వెళుతుంది. ట్యాంకరు చింతచెట్టు క్రిందనో, కళ్ళం ప్రక్కనో నిలిచిపోతుంది. అడుగున మిగిలిన రెండు మూడు బిందెల నీటిని ఎవరూ పట్టించుకోరు. మరుసటి ఏడాది మాఘమాసపు పెళ్ళిళ్ళకు ఆ ట్యాంకరు తిరిగి బయలుదేరే వరకు, లోపల ఏమి జరిగిందో తెలుసుకునేవారు అరుదు.

నీటి వ్యవస్థను కొన్ని నెలలపాటు నిలిపివేసే ముందు దానిని సిద్ధం చేయడం ఒక విద్య. చలిదేశాలలో దీనిని ప్రతి సంవత్సరం తప్పనిసరిగా పాటిస్తారు. మన ప్రాంతంలో ఆ అవసరం లేదని చాలామంది అనుకుంటారు. అవసరం ఉన్నది, శత్రువు మాత్రమే వేరు.

చలిదేశంలో ఏమి చేస్తారు

అమెరికా, కెనడా దేశాలలో కారు వెనుక తగిలించుకుని ప్రయాణించే చిన్న ఇల్లు వంటి బండ్లు ఉంటాయి. పడక, వంటగది, స్నానపు గది, వాటికి కావలసిన నీటి తొట్టి, చిన్న మోటారు, వేడినీటి పాత్ర, గొట్టాలు అన్నీ అందులోనే అమరి ఉంటాయి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలలో కూడా సెలవులకు ఇటువంటి బండ్లను వాడేవారున్నారు.

నీటికి ఒక విచిత్ర గుణం ఉన్నది. చాలా పదార్థాలు చల్లబడి గట్టిపడినప్పుడు కుంచించుకుపోతాయి. నీరు మాత్రం 4 డిగ్రీల సెల్సియస్ వద్ద అత్యంత సాంద్రంగా ఉండి, అంతకంటె చల్లబడితే వ్యాకోచించడం మొదలుపెడుతుంది. మంచుగడ్డగా మారినప్పుడు దాని ఘనపరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. మూసి ఉన్న గొట్టంలో ఆ పెరుగుదలకు చోటు దొరకదు. ఫలితంగా రాగి గొట్టమైనా, ఇత్తడి కుళాయి అయినా, మోటారు తల అయినా చీలిపోతుంది. పగులు ఏర్పడినది శీతాకాలంలోనైనా, అది బయటపడేది వసంతంలో నీరు వదిలినప్పుడే.

అందుచేత అక్కడి వారు శరదృతువు ముగిసే లోపు నీటి తొట్టెలన్నీ ఖాళీ చేస్తారు. వేడినీటి పాత్రను చల్లారనిచ్చి, అడుగు బిరడా విప్పి నీరు వదులుతారు. వడపోత గుళికలను తీసివేస్తారు. తరువాత గొట్టాలలోకి మితమైన ఒత్తిడితో గాలి ఊది మిగిలిన నీటిని వెళ్ళగొట్టడమో, లేక ప్రొపిలీన్ గ్లైకాల్ కలిసిన గులాబీరంగు ద్రవాన్ని మోటారుతో ఎక్కించి ప్రతి కుళాయి నుండి ఆ రంగు కనిపించే వరకు వదలడమో చేస్తారు. కార్ల రేడియేటరులో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషపూరితం కాబట్టి దానిని తాగునీటి గొట్టాలలోకి రానివ్వరు. వసంతంలో అంతా కడిగి, క్లోరిన్ ద్రావణం నింపి, మళ్ళీ కడిగిన తరువాతనే వాడకం మొదలవుతుంది.

ఈ క్రమంలో మూడు సూత్రాలు ఉన్నాయి. మొదటిది, చుక్క నీరు మిగలకుండా తీయడం. రెండవది, ఖాళీ కాలంలో లోపలికి ఏదీ చేరకుండా కాపాడడం. మూడవది, తిరిగి వాడే ముందు శుద్ధి చేయడం. ఈ మూడూ మన ట్యాంకరుకు యథాతథంగా వర్తిస్తాయి.

మన ఊరిలో శత్రువు ఎవరు

బళ్ళారి సీమలో నీరు గడ్డకట్టే చలి రాదు. ఇక్కడ నిలిచిన నీటికి వెచ్చదనమే ప్రమాదకరం. డెంగీ, చికున్‌గున్యా వ్యాధులను వ్యాపింపజేసే ఏడిస్ ఈజిప్టై దోమ మురుగు కాలువల కంటె ఇళ్ళ చుట్టూ నిలువ ఉన్న శుభ్రమైన నీటినే కోరుకుంటుంది. మూత సరిగా పడని ట్యాంకరు అడుగున చేయి లోతు నీరు ఉంటే దానికి అంతకంటె అనువైన చోటు లేదు. వెచ్చని వాతావరణంలో గుడ్డు నుండి రెక్కల దోమగా ఎదగడానికి సుమారు 7 నుండి 10 రోజులు చాలు. ఈ దోమ పగటిపూట కుడుతుంది. సాధారణంగా పుట్టిన చోటి నుండి కొన్ని వందల మీటర్లకు మించి పోదు. అనగా ఒకరి కళ్ళంలో నిలిచిన ట్యాంకరు ఆ వీధిలోని పిల్లలకే ముప్పు తెస్తుంది.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటి ఉన్నది. ఈ దోమ గుడ్లను నీటిపైన కాకుండా, నీటి మట్టానికి కొంచెం పైన, తడిసిన గోడకు అంటిస్తుంది. నీరు ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి చావవు. తిరిగి నీరు తగిలిన వెంటనే పొదుగుతాయి. కాబట్టి ట్యాంకరును ఖాళీ చేసినంత మాత్రాన పని పూర్తికాదు. గోడను గట్టి బ్రష్షుతో రుద్ది కడిగినప్పుడే గుడ్లు రాలిపోతాయి. రుద్దకుండా ఎండబెట్టిన ట్యాంకరులో తొలకరి చినుకులు పడితే, ఎవరూ నీరు నింపకపోయినా దోమలు పుట్టగలవు.

రెండవ శత్రువు తుప్పు. ఇనుము, నీరు, గాలి మూడూ కలిసిన చోటనే తుప్పు వేగంగా పడుతుంది. నిండా నీరున్న ట్యాంకరు కంటె, పూర్తిగా ఎండిన ట్యాంకరు కంటె, అడుగున కొంచెం నీరు ఉన్న ట్యాంకరే త్వరగా చెడిపోవడానికి ఇదే కారణం. మూడవది నాచు, బురద. వెలుతురు సోకిన తడిలో నాచు పెరుగుతుంది. రహదారి దుమ్ము మూత సందుల నుండి దిగి అడుగున పేరుకుంటుంది. ఆ పొరలో దాగిన క్రిములకు తరువాత కలిపే క్లోరిన్ సరిగా అందదు.

నిలిపే ముందు చేయవలసిన పని

ట్యాంకరును కొద్దిగా వాలుగా, గేటు వాల్వు ఉన్న వైపు పల్లంగా నిలపాలి. చక్రాలకు అటూ ఇటూ రాళ్ళు పెట్టిన తరువాతనే ట్రాక్టరు నుండి విడదీయాలి. వాల్వును పూర్తిగా తెరచి నీరంతా వదలాలి. లోపల నీరు ఊగిసలాడకుండా అమర్చిన అడ్డురేకుల వెనుక కొంత నీరు ఆగిపోతుంది. దానిని గుడ్డతోనో, చిన్న గొట్టంతోనో తీయవలసిందే. ఈ నీటిని చెట్ల పాదులకు పోయవచ్చు.

తరువాత పొడవాటి కర్రకు కట్టిన గట్టి బ్రష్షుతో మూత వద్ద నుండే గోడలను, అడ్డురేకులను, మూత లోపలి భాగాన్ని రుద్దాలి. రెండు మూడుసార్లు నీరు చల్లి బురదను వాల్వు గుండా వెళ్ళగొట్టాలి. ఆ పిమ్మట మూత, వాల్వు రెండూ తెరచి ఒకటి రెండు రోజులు మంచి ఎండలో ఆరనివ్వాలి. లోపలి గోడ చేతికి పొడిగా తగిలిన తరువాత మూతను బిగించి, వాల్వును తెరచే ఉంచి, దాని మూతికి సన్నని జాలీని గట్టిగా కట్టాలి. జాలీ వలన గాలి ఆడుతుంది, దోమ చొరబడదు, పొరపాటున చేరిన వాననీరు నిలువదు. మూత చుట్టూ ఉండే రబ్బరు చెడిపోయి ఉంటే అప్పుడే మార్చడం మంచిది.

నీరు తోడే మోటారు అడుగు బిరడా విప్పి అందులోని నీటిని కూడా వదలాలి. రబ్బరు గొట్టాన్ని చుట్టగా నేలపై పడవేస్తే ప్రతి చుట్టలోనూ నీరు నిలుస్తుంది. రెండు కొనలు క్రిందికి వ్రేలాడేటట్లు నీడలో తగిలించాలి. టైర్లకు తగినంత గాలి నింపి, వీలైతే ఇరుసు క్రింద దుంగలు పెట్టి బరువు తగ్గించాలి. చక్రాల బేరింగులకు గ్రీజు పట్టించాలి.

తుప్పు పట్టకుండా ఉండేందుకు కొందరు వాడిన ఇంజను నూనెను లోపల పూస్తుంటారు. తాగునీరు మోసే ట్యాంకరులో ఇది ఎన్నడూ చేయరాదు. సాధారణ గృహోపయోగపు రంగులు కూడా పనికిరావు. తాగునీటికి ఆమోదించిన ఎపాక్సీ పూతనే వేయించి, అది పూర్తిగా ఆరిన తరువాత కడిగి వాడాలి. పురుగుమందు గాని, డీజిలు గాని ఒక్కసారి మోసిన ట్యాంకరును ఎంత కడిగినా తాగునీటికి తిరిగి వాడకూడదు.

లోపలికి దిగేవారికి హెచ్చరిక

తుప్పు పట్టడమంటే ఇనుము గాలిలోని ప్రాణవాయువుతో కలవడమే. నెలల తరబడి మూసిన ఇనుప ట్యాంకరులో ఈ చర్య నిశ్శబ్దంగా సాగుతుంది. బయటి గాలిలో సుమారు 21 శాతం ఉండే ప్రాణవాయువు లోపల ప్రమాదకరమైన స్థాయికి తగ్గిపోవచ్చు. అటువంటి గాలికి వాసన ఉండదు, రంగు ఉండదు. దిగిన మనిషి ఊపిరి ఆడటం లేదని గ్రహించే లోపే స్పృహ తప్పుతాడు. అతనిని కాపాడాలని వెంటనే దూకిన రెండవ మనిషికీ అదే గతి పడుతుంది.

కాబట్టి వీలైనంత వరకు బయట నుండే కడగాలి. దిగక తప్పకపోతే ముందురోజే మూతను, వాల్వును తెరచి ఉంచి, ఫ్యానుతో గాలి కొట్టించాలి. దిగేవారి నడుముకు తాడు కట్టి, పైన ఇద్దరు నిలబడి మాట్లాడుతూ ఉండాలి. లోపల మనిషి ఉండగా బ్లీచింగ్ కలపరాదు, రంగు వేయరాదు, దగ్గరలో పెట్రోలు ఇంజను నడపరాదు. పిల్లలను ఆడుకోవడానికి కూడా అందులోకి దిగనివ్వకూడదు. మూతకు తాళం వేయడం అన్నిటికంటె తేలికైన రక్ష.

తిరిగి వాడే ముందు

వేసవి మొదట్లో ట్యాంకరును ముందుగా మంచి నీటితో కడగాలి. తరువాత బ్లీచింగ్ పొడితో శుద్ధి చేయాలి. నాలుగవ వంతు, అనగా 25 శాతం క్లోరిన్ ఉన్న పొడి అయితే ప్రతి 1000 లీటర్లకు 200 గ్రాములు కావాలి. ఆ లెక్కన 5000 లీటర్ల ట్యాంకరుకు ఒక కిలో పడుతుంది. పొడిని నేరుగా ట్యాంకరులో చల్లకూడదు. ప్లాస్టిక్ బకెట్లలో కొంచెం కొంచెంగా ముద్దగా కలిపి, నీరు చేర్చి, సున్నం అడుగుకు దిగిన తరువాత పైతేట నీటిని మాత్రమే పోయాలి. ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు తప్పనిసరి. యాసిడ్‌తో గాని, మరుగుదొడ్డి కడిగే ద్రవాలతో గాని బ్లీచింగ్‌ను కలిపితే విషవాయువు వెలువడుతుంది.

ట్యాంకరును అంచు వరకు నింపి, గొట్టం చివర క్లోరిన్ వాసన వచ్చే వరకు కొంత నీరు వదలి, 24 గంటలు అలాగే ఉంచాలి. ఆపైన ఆ నీటిని చెరువులో గాని, పైరు మీద గాని, పశువుల తొట్టిలో గాని పోయక, మనుషులు తిరగని ఎండు నేలపై వదలాలి. క్లోరిన్ ఇనుమును కూడా తింటుంది కాబట్టి ఒక రోజుకు మించి ఉంచరాదు. వాసన పోయే వరకు మంచి నీటితో కడిగిన తరువాత ట్యాంకరు సిద్ధమైనట్లు.

ఇక ప్రతిరోజూ మోసే తాగునీటికి మోతాదు వేరు. తేటగా ఉన్న నీటిలో 1000 లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పొడి చాలు. 5000 లీటర్లకు అది పన్నెండు, పదమూడు గ్రాములు. కలిపిన అరగంట తరువాత లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఆరోగ్య కార్యకర్తలు వాడే క్లోరోస్కోపుతో దీనిని అక్కడికక్కడే పరీక్షించవచ్చు. బురద నీటికి ఈ మోతాదు చాలదు, ముందుగా తేర్చవలసిందే.

ట్యాంకరు లేని ఇంటికి కూడా

ట్యాంకరు కొందరికే ఉండవచ్చు. కాని ప్రతి ఇంట్లోనూ డ్రమ్ము, సిమెంటు తొట్టి, సంపు, వేసవి కూలరు ఏదో ఒకటి ఉంటుంది. వలస పనికి గాని, బంధువుల ఊరికి గాని వారం దాటి వెళ్ళే కుటుంబం ఇంటికి తాళం వేసే ముందు వీటిని చూసుకోవాలి. వేసవి ముగియగానే కూలరు తొట్టిని రుద్ది, ఆరబెట్టి, బోర్లించాలి. ఖాళీ చేయలేని సంపుకు సందు లేని మూత, గాలి గొట్టానికి జాలీ ఉండాలి. నీరు పట్టే డ్రమ్మును వారానికి ఒకసారి రుద్ది కడిగితే గుడ్డు రెక్కల దోమగా ఎదగదు. 2024లో కర్ణాటక ప్రభుత్వం డెంగీ నివారణకు నిబంధనలను కఠినం చేసి, తమ ఆవరణలో దోమలు పెరగనిచ్చిన వారికి జరిమానా విధించే ఏర్పాటు చేసింది. జరిమానా మాట ఎలా ఉన్నా, జ్వరంతో మంచం పట్టిన బిడ్డ వెంట ఆసుపత్రిలో గడిపే రోజులే ఆ కుటుంబానికి అసలు నష్టం.

ట్యాంకరు నీరు కొనేవారు యజమానిని మూడు ప్రశ్నలు అడగడంలో తప్పులేదు. ఈ ఏడాది లోపల కడిగించారా? నీరు ఎక్కడ నింపారు? బ్లీచింగ్ కలిపి ఎంతసేపయింది? జవాబు చెప్పగల యజమానికి అది గౌరవమే.

చలిదేశపు బండి యజమాని ఒక సాయంత్రం శ్రమను తప్పించుకుంటే అతనికి పగిలేది గొట్టం. మన ఊరి ట్యాంకరు యజమాని అదే శ్రమను తప్పించుకుంటే ఆ నష్టం అతని కళ్ళం దాటి వీధికి, వీధి దాటి పెళ్ళివారి విస్తరికి చేరుతుంది. బ్రష్షు, జాలీ గుడ్డ, కిలో బ్లీచింగ్ పొడి, రెండు రోజుల ఎండ: ఇంతకుమించిన ఖర్చు ఇందులో లేదు. వర్షాలు కుదురుకున్న మొదటి ఎండ రోజునే ఈ పనికి కేటాయించుకోవడం మేలు.