సముద్రం ఒడ్డున బంగళా... అద్దెలో వాటా ఎవరిది?

విశాఖ సముద్రతీరం నేపథ్యంగా వచ్చిన 'మరో చరిత్ర' (1978) చూసి, "ఆ ఒడ్డున మనకీ ఓ ఇల్లుంటేనా..." అని నిట్టూర్చనివాళ్లెవరు చెప్పండి? భీమిలిలో నా మిత్రుడొకడికి ఆ అదృష్టం తాతగారి పుణ్యమా అని పట్టింది. పెంకుటిల్లు, ముందు రెండు కొబ్బరిచెట్లు, ఎదురుగా సముద్రం! సెలవులకి వచ్చేవాళ్లకి అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. ఆమధ్య ఓ సినిమా కంపెనీ పది రోజుల షూటింగుకి లక్ష రూపాయలకి మాట్లాడుకుంది.

షూటింగ్ అయింది. బ్యాంకులో పడింది మాత్రం తొంభైవేలే!

"పదివేలు ప్రొడక్షన్ మేనేజరు మింగేశాడ్రా!" అని మావాడు రంకెలు. అతనికి ఫోన్ చేసి నానా మాటలూ అనేశాడు కూడా.

తీరా చూస్తే ఆ పదివేలు ఎవరూ మింగలేదు. అది టీడీఎస్. నెలకి అద్దె 50,000 దాటితే కంపెనీలు 10 శాతం పట్టుకుని, ఇంటివాడి పాన్ పేరిట ప్రభుత్వానికి కట్టాలి. పాన్ ఇవ్వకపోతే పట్టుకునేది 20 శాతం!

రెండు వేషాలు

ఒకే ఇల్లు పన్నులవాళ్ల దగ్గర రెండు వేషాలు వేస్తుందండీ. ఏడాదికో కుటుంబానికి ఊరికే అద్దెకిస్తే అది 'ఇంటి ఆదాయం'. ఏడాదికి 3,00,000 వచ్చిందనుకోండి. మునిసిపాలిటీకి కట్టిన ఇంటిపన్ను 10,000 తీసెయ్యండి. మిగిలిన 2,90,000లో 30 శాతం, అంటే 87,000, మరమ్మతుల కింద బిల్లులు చూపకుండానే తగ్గుతుంది. ఇక లెక్కకొచ్చేది 2,03,000. ఇంటి అప్పు ఉంటే వడ్డీ కూడా తగ్గించుకోవచ్చు.

అదే రోజువారీ టూరిస్టులకిచ్చి, దుప్పట్లు మార్చి, టిఫిన్లు పెట్టారంటే సాధారణంగా అది వ్యాపారం. అప్పుడా 30 శాతం రాయితీ లేదు. వంటమనిషి జీతం, కరెంటు బిల్లు, సున్నాల ఖర్చు... నిజంగా అయిన ఖర్చులే తగ్గుతాయి. కాబట్టి చీటీలు పారెయ్యకండి! ఇల్లు వ్యాపారానికి వాడుతున్నారని తేలితే మునిసిపాలిటీ ఇంటిపన్ను కూడా పెరగొచ్చు.

మధ్యలో జీఎస్టీగారి ప్రవేశం

సేవల మీద వసూళ్లు ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. టూరిస్టు గది రోజుకి 7,500 లోపయితే 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం, దాటితే 18 శాతం. ఇంటివాడు చిన్నవాడై రిజిస్ట్రేషన్ లేకపోయినా, బుకింగ్ యాప్ ద్వారా వచ్చిన అతిథి దగ్గర యాప్‌వాళ్లే వసూలు చేసి కట్టాలి. "యాప్‌లో అంతెందుకు చూపిస్తోంది?" అని అతిథి అడిగితే తెల్లమొహం వెయ్యకండి.

క్లైమాక్సు

మావాణ్ణి ఆడిటర్ దగ్గరికి నేనే లాక్కెళ్లాను. జీతమూ అద్దే అన్నీ కలిపినా కొత్త విధానంలో 12 లక్షలు దాటలేదు. అంటే కట్టవలసిన పన్ను సున్నా! "రిటర్ను వెయ్యండి, మీ పదివేలూ వెనక్కి వస్తాయి. గడువు దాటాక ఆలస్యంగానైనా వెయ్యొచ్చుగానీ డిసెంబరు 31 కూడా దాటిందంటే వాపసు సంగతి మరిచిపోవలసిందే" అన్నారాయన.

వేశాడు. డబ్బొచ్చింది. ఆ రోజే మేనేజరుకి ఫోన్ చేసి, "అన్నా, తప్పయిపోయింది" అన్నాడు. అవతలాయన "పర్లేదులెండి" అనైతే అన్నాడు.

కానీ ఆ తర్వాత ఆ కంపెనీ షూటింగు పక్కింటి మేడలో జరిగింది. పన్ను తిరిగొచ్చిందిగానీ, పార్టీ తిరిగి రాలేదు!

అందుకే బంగళా కలగనే కుర్రాళ్లకీ, అమ్మాయిలకీ ఓ మాట. ఎవరిమీదైనా అరిచేముందు ఓసారి మీ పాన్ ఖాతా తెరిచి చూసుకోండి!