మ్యూజియంలోని మూర్తి, మూసీలోని ఘటం

సాలార్‌జంగ్ మ్యూజియంలోని కంచు విగ్రహాలకు చేతులు జోడించవచ్చునా? అవి దేవతామూర్తులా, కళాఖండాలా? పాతబస్తీ భక్తులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. గుడి గడప ముందు చెప్పులు విడిచిన పిల్లవాడే అక్కడ చెప్పులతో స్వామి ఎదుట నిలబడతాడు కనుక తల్లిదండ్రులకు ఈ సందేహం సహజమే. సమాధానం చెప్పాలంటే, ఒక వస్తువును కళ అని దేనిని బట్టి అంటున్నామో ముందుగా విచారించాలి.

దక్షిణదేశంలో ఉత్సవమూర్తిని పోత పోసే స్థపతి తొలుత మైనంతో రూపాన్ని మలుస్తాడు. దానిపై మట్టి పూత పూసి కాలిస్తే మైనం కరిగి వెలుపలికి పోతుంది. ఆ ఖాళీలో కరిగిన లోహం పోసి, చల్లారిన పిమ్మట మట్టి మూసను పగులగొడతారు. శిల్పశాస్త్రం దీనిని మధూచ్ఛిష్ట విధానమంటుంది. పగిలిన మూస మళ్ళీ పనికిరాదు గనుక ఒక మూర్తి వంటిది మరొకటి ఉండదు. ఇంత శ్రమపడిన స్థపతి మూర్తి వీపును కూడా వదలడు. జడముడి, యజ్ఞోపవీతపు పోగు, కటిసూత్రపు ముడి అన్నీ అక్కడా దిద్దుతాడు. గుడిలో ఆ వీపును చూసేదెవరు? అభిషేకం చేసే అర్చకస్వామి ఒక్కరే. పట్టువస్త్రాలు, పూలదండలు అలంకరించాక మనకు దర్శనమిచ్చేవి ముఖము, హస్తము, పాదములు మాత్రమే. మ్యూజియం ఆ దాగిన పనిని మన కళ్ళ ముందు ఉంచింది. ఆ ఉపకారాన్ని నేను తక్కువ చేయను.

అదే మ్యూజియంలో మేలిముసుగు రెబెక్కా ఉన్నది. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఈ పాలరాతి ప్రతిమను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోము నగరంలో కొన్నాడు. అక్కడ రాయే పలుచని వస్త్రమై లోపలి ముఖాన్ని చూపుతుంది. గుడిలోనైతే నిజమైన వస్త్రం శిల్పాన్ని కప్పివేస్తుంది. ఒకరు చూపడానికి చేశారు, మరొకరు దాగుతుందని తెలిసీ చేశారు. తొందరపాటు మాత్రం ఇద్దరి పనిలోనూ లేదు.

పడమటి దేశాలలో వేరొక వాదం ఉన్నది. 1917లో మార్సెల్ డ్యూషాంప్ అనే కళాకారుడు దుకాణంలో కొన్న పింగాణీ మూత్రపాత్రపై మారుపేరుతో సంతకం చేసి న్యూయార్కు ప్రదర్శనకు పంపాడు. (దేవాలయ పత్రికలో ఈ ప్రస్తావనకు పాఠకులు మన్నించాలి.) నిర్వాహకులు దానిని ప్రదర్శించలేదు. కాని కళాకారుడు ఎంచి నిలబెడితే ఏ వస్తువైనా కళే అన్న వాదం అక్కడి నుండి బలపడింది. ఆ లెక్కన బోనం కుండ కూడా అద్దాల పెట్టెలోకి చేరిన నాడే కళ అవుతుంది. ఇది నాకు మింగుడుపడదు.

మన తెలుగులో కళ అన్న మాటకు ప్రదర్శనతో పని లేదు. చంద్రునికి పదహారు కళలు. పెళ్ళికూతురి ముఖాన పెళ్ళికళ. సంధ్యాదీపం వెలిగితే ఇంటికి కళ, పట్టించుకునేవారు లేకుంటే ఆ ఇల్లే కళ తప్పుతుంది. ఆగమ సంప్రదాయంలో ఈ మాట మరింత లోతైనది. గర్భాలయానికి జీర్ణోద్ధరణ జరిపేటప్పుడు మూలమూర్తిలోని దైవశక్తిని మంత్రపూర్వకంగా కుంభంలోకి ఆవాహన చేసి బాలాలయంలో ఉంచుతారు. ఆ క్రియకు కళాకర్షణమని పేరు. ఆ రోజులలో మూలమూర్తి రూపం ఏమీ మారదు, శిల్పి చేతిపని అంతా అక్కడే ఉంటుంది. పూజ మాత్రం కుంభానికి జరుగుతుంది. అంటే విగ్రహంలో రెండు కళలున్నాయన్నమాట. ప్రతిష్ఠతో వచ్చినది మంత్రంతో తరలుతుంది. శిల్పి చేతి నుండి వచ్చినది తరలదు. మ్యూజియంలో మిగిలి ఉన్నది ఈ రెండవదే. దానికి చేతులు జోడిస్తే దోషం లేదు, నేను జోడిస్తాను. ధూపదీపాలు అక్కడ ఆశించరాదు.

ఇక బోనం సంగతి. కొత్త కుండకు పసుపు పూసి, కుంకుమ బొట్లు, సున్నపు గీతలు దిద్ది, వేపమండలు కట్టి, పైన దీపం వెలిగిస్తారు. గీత వంకరపోతే తుడిచి మళ్ళీ దిద్దే వృద్ధురాళ్ళను ఈ వీధులలో చూశాను. ఆ కుండను ఏ విమర్శకుడూ చూడడు, దానిపై సంతకమూ ఉండదు. అది కళ కాదనడానికి నాకు కారణం కనబడదు. అయితే భక్తితో తాకినదంతా కళ అని కూడా అనలేను. అంగట్లో రంగులు వేసి అమ్మే కుండను కొని తలకెత్తుకున్నా అమ్మవారి మొక్కు తీరుతుంది, పూజకు లోపమేమీ లేదు. ఆ ఇంటి చేతికి రావలసిన పని మాత్రం రాకుండా పోతుంది. కోడళ్ళకు, మనుమరాళ్ళకు సున్నపు గీత గీయడం నేర్పేవారు తగ్గిపోతున్నారన్నదే నా బాధ.

పాతబస్తీ బోనాల మరునాడు హరిబౌలి అక్కన్న మాదన్న మహంకాళి ఆలయం నుండి అమ్మవారి ఘటం ఏనుగుపై బయలుదేరి, చార్మినార్ మీదుగా నయాపూల్ చేరుతుంది. ఎంతో శ్రద్ధగా చేసిన అలంకారం అక్కడ నిమజ్జనంతో ముగుస్తుంది. వస్తువులు నశించకుండా కాపాడే మ్యూజియం భవనం, 1968 నుండి, అక్కడికి కూతవేటు దూరంలో అదే మూసీ ఒడ్డున ఉన్నది. వీలైనవారు ఈ ఆషాఢంలో పిల్లలకు రెండూ చూపించండి. ఊరేగింపు సోమవారం జరుగుతుంది. మ్యూజియానికి శుక్రవారం సెలవు.